రెండో వాక్యం

టీ వడపోసే జాలీని తొట్టి నీళ్లలోకి అడుగుదాకా దించి, చెయ్యి కదలకుండా పట్టుకుని జకర్యా గొంతుక్కూర్చున్నాడు. మనిషి నీడ పడితే చాలు, ఆ దోమ పురుగులు గబుక్కున అడుక్కి పోతాయి. కానీ ఎంతసేపని దాక్కుంటాయి? ఊపిరి కావాలంటే పైకి రాక తప్పదు. ఒకటి, దాని వెనుక ఇంకొకటి, మెలికలు తిరుగుతూ తేలి, నీటి అంచుకు తోకలు ఆనించి తలకిందులుగా వేలాడాయి. అప్పుడు మెల్లగా జాలీ ఎత్తాడు. పదీ పన్నెండు చిక్కాయి. వాటిని గాజుసీసాలోకి వంపి, మూతికి పాత బనీను గుడ్డ బిగించి, రబ్బరు బ్యాండు వేసి, సీసాను పొద్దుటి వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు.

“ఊరందరిని నీళ్లు పారబొయ్యమంటవు. మనింట్ల మాత్రం పెంచుతవు,” అంది హదస్సా వంటింటి కిటికీలోంచి. “ఎవరన్న చూస్తే నిన్నే ముందు పట్టిస్తరు.”

“తొట్టి మీద గుడ్డ కప్పుతున్న గదా. ఒక్క దోమ సుత బయటికి పోదు.”

“మరి రాత్రి నా చెవుల పాట పాడిందెవరు? మీ ఆఫీసోళ్లా?”

జకర్యా నవ్వి, తొట్టి మీద గుడ్డ సరిచేసి లేచాడు. లేవడానికి గోడ ఊతం కావలసి వచ్చింది. యాభై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి. ఏళ్ల తరబడి సంచీ మోసి మోసి ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. నడుస్తుంటే ఎవరో వెనక నుంచి పిలిచినట్టు ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. తెల్ల చొక్కా, జేబులో నీలం రంగు పెయింట్ పెన్ను, మెడలో సంస్థ వారి గుర్తింపు కార్డు. కార్డులో ఫోటో పాతది. అందులో జుట్టు నల్లగా ఉంటుంది.

సంస్థ అంటే మెట్టుగూడలో జిరాక్సు షాపు మీద రెండు గదులు. విజ్ఞాన విషయాలు జనానికి చేరవెయ్యడం వాళ్ల పని. దోమలు ఎట్లా పుడతాయి, నీళ్లు ఎందుకు కాచుకోవాలి, ఎండలు ఏటేటా ఎందుకు ముదురుతున్నాయి, ఇట్లాంటివి. జకర్యా అందులో చేరింది అటెండరుగా. పదో తరగతి లెక్కల్లో తప్పాడు. ప్రొజెక్టరు మోసేవాడు, కుర్చీలు వేసేవాడు, బీరువాలో పుస్తకాల దుమ్ము దులిపేవాడు. దులుపుతూ ఒక్కొక్కటే చదివేశాడు. అర్థం కాని పేజీని అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ చదవడం ఆయనకు అలవాటు, చెప్పేవాళ్లు ఎవరూ లేనందువల్ల.

ఒకసారి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నల్లా దగ్గర ఆడవాళ్లకు మలేరియా గురించి ముప్పావుగంట చెప్పాడు. వాళ్లు బిందెల మీద చేతులు పెట్టుకుని ఆవలించారు. వెనక ప్రొజెక్టరు పట్టుకుని నిలబడ్డ జకర్యా ఉండబట్టలేక, “అమ్మా, వారానికొక్కరోజు బిందెలు బోర్లిస్తే దోమకు కాన్పు చేసే జాగ దొరకదు,” అన్నాడు. ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. ఆ వారం ఆ గల్లీలో బిందెలన్నీ బోర్లించి కనిపించాయి. అప్పటినుంచి ప్రొజెక్టరు ఇంకొకరు మోశారు, మాట జకర్యా చెప్పాడు.

పొడుగు మాటను పొట్టి చెయ్యడం ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి రైల్వే షెడ్డులో ఖలాసీ. ఆదివారం చర్చిలో పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పేవాడు. ఒకటే వాక్యం చెప్పేవాడు, మూడుసార్లు తిరిగి చెప్పించేవాడు. “రెండిస్తే రెండూ పోతయ్ బిడ్డా, ఒకటిస్తే సచ్చేదాక ఉంటది,” అనేవాడు. జకర్యా చేసేదీ అదే. ప్రతి ఇంట్లో ఒక్క మాట చెప్తాడు. మూడుసార్లు తిరిగి చెప్పించుకుంటాడు. ఆ తర్వాత తలుపు లోపలివైపు, ఆ ఇల్లాలి కళ్లకు ఆనే ఎత్తులో, నీలం పెన్నుతో అందంగా రాసి వస్తాడు. చిలకలగూడ గల్లీల్లో ఆయన రాత లేని తలుపులు తక్కువ. దోమల సారు అంటే పిల్లలక్కూడా తెలుసు.

ఈ ఏడు ఏప్రిల్లో రాసిన మాట ఎండ గురించి.

*పన్నెండు కొట్టంగనే కిటికీ మూయాలె,*
*నాలుగు దాటినంకనే మల్ల తెరవాలె.*

సంస్థలో అందరూ చప్పట్లు కొట్టారు. కొత్తగా వచ్చిన సుకన్య మేడమ్, వాతావరణం మీద పెద్ద చదువు చదివిన పిల్ల, “అంకుల్, మేము పేజీ రాస్తాం, మీరు దాన్ని నాలుక మీద పెడతారు,” అంది. ఆ రోజు ఇంటికి పోతూ జకర్యా హదస్సాకు మల్లెపూలు కొన్నాడు.

సీసా సంచీలో పెట్టుకుని, చుట్టిన చార్టులు చంకలో ఇరికించుకుని, ఆయన బయల్దేరాడు. ఎనిమిదిన్నరకే మెట్రో స్తంభాల నీడ పొట్టిదైపోయింది. ఎండ నలభై మూడు డిగ్రీలు దాటడం ఇది మూడోరోజు. ఆటోవాళ్లు సీట్ల మీద తడిగుడ్డలు పరుచుకుని కూర్చున్నారు.

చిలకలగూడలో ఒక మూడంతస్తుల ఇంటి మెట్ల కింద నీడలో పదిహేనుమంది దాకా ఆడవాళ్లు పోగయ్యారు. జకర్యా సీసా పైకెత్తాడు.

“ఇవెవరి పిల్లలు?”

“దోమ పిల్లలు!”

“వీళ్లమ్మ ఇదివరకు ఎప్పుడొస్తుండె?”

“వానల్ల!”

“ఇప్పుడు?”

“ఉగాదికే దిగుతుంది, సామాన్లు సర్దుకొని!” అందొకామె. అందరూ నవ్వారు.

“ఎందుకు దిగుతుంది? వేడి జల్ది షురూ అయితుంది గనుక. వేడి ఎందుకు పెరుగుతుంది? చెప్తా చూడండి.” చార్టు విప్పకుండానే చెప్పాడు, అది ఆయనకు ఇష్టమైన భాగం. “సిటీ బస్సు అద్దాలన్ని మూసి ఎండల నిలబెట్టిండ్రు అనుకో. గంట తర్వాత ఎక్కితే ఎట్లుంటది? లోపలికొచ్చిన వేడికి బయటికి పోయే తొవ్వ లేదు. మన బండ్ల పొగ, ఫ్యాక్టరీల పొగ భూమి చుట్టు గా అద్దాల లెక్క కమ్ముకున్నయ్. మనమందరం గా బస్సుల కూసున్నం.”

“టికెట్ సుత తీసుకున్నం,” అంది ఇంకొకామె.

ఆ ఇంట్లోనే కింది వాటాలో ఉండే షాహీదా గడపలో కుట్టుమిషను ముందు కూర్చుని చీరలకు ఫాల్స్ వేస్తోంది. ఆమె మిషను ఆపింది.

“భాయ్, ఒక సవాల్ ఉంది.”

“అడుగమ్మా.”

“అద్దాలు బంద్ చేస్తే బస్సు ఉడుకుతది. గంతే గదా?”

“గంతే.”

“మరి మా మేడ మీద బాలమ్మ రూము? నాలుగు దిక్కుల ఒక్క ఇటుక గోడ, నెత్తి మీద రేకు. పన్నెండు కొట్టంగనే కిటికీ బంద్ చెయ్యమని నువ్వే రాసిచ్చినవు. అది సుత బస్సే గదా?”

ఇందాక టికెట్ మాటన్న ఆమె, “ఏందీ సారూ, మా షాహీదా నిన్ను ఫెయిల్ చేసిందా?” అంది. నవ్వులు లేచాయి. జకర్యా కూడా నవ్వాడు. నవ్వుతుంటే పెదవులు పళ్లకు అంటుకుపోయాయి.

“అది వేరే లెక్కమ్మా. మల్లొకసారి చెప్తా,” అన్నాడు. చార్టు మొదట విప్పనే లేదు కాబట్టి చుట్టే పనీ లేకపోయింది. సంచీ భుజాన వేసుకుని గల్లీ చివరిదాకా నడిచాడు.

గల్లీ చివర మూసిన పాన్‌డబ్బా పక్కన నిలబడ్డాడు. రేకుల గదుల సంగతి ఆయనకు జ్ఞాపకం లేక కాదు. జ్ఞాపకం ఉండటమే ఇప్పుడు తలెత్తనివ్వడం లేదు. సుకన్య ఇచ్చిన కాగితంలో రెండు వాక్యాలున్నాయి. మొదటిది, స్లాబు ఇళ్లలో ఉండేవారు పన్నెండు నుంచి నాలుగు దాకా కిటికీలు మూసుకోవాలని. రెండోది, రేకుల గదుల్లో ఉండేవారు మాత్రం కిటికీలు మూయకూడదు, ఆ వేళకు గది విడిచి నీడ, గాలి ఉన్న చోటికి వెళ్లాలని. రెండూ చదివాడు. రెండో దాన్ని ప్రాసలోకి తేవాలని రెండు రోజులు ప్రయత్నించాడు. అది పొడుగైపోతోంది. ఇది అవునంటుంటే అది కాదంటోంది. జనం తికమక పడతారనుకున్నాడు. మూసే మాట మీద చప్పట్లు వస్తాయని లోపల ఎక్కడో తెలుసు. తీసేశాడు. గోడకు పట్టిన మరక తుడిచేసినంత తేలిగ్గా తీసేశాడు.

ఆ తర్వాత పోయి రేకుల గదుల్లో కూడా అదే రాశాడు. కొన్ని చోట్ల తన చేత్తోనే కిటికీ మూసి చూపించాడు.

ఫోను తీసి సుకన్యకు చేశాడు.

“మేడమ్, గా రేకుల రూములది... మూస్తే నిజంగనే అంత ఫరక్ ఉంటదా?”

“అయ్యో, చాలా ఉంటుంది అంకుల్. మధ్యాహ్నం బయటికంటే లోపలే ఎక్కువ ఉడుకుతుంది. పెద్దవాళ్లకైతే డేంజర్. చెమట పట్టడం ఆగిపోతుంది, వాళ్లకు తెలీనే తెలీదు. ఎందుకు, ఎవరైనా మూస్తున్నారా? మీరు రెండో వాక్యం చెప్తున్నారు కదా?”

పాన్‌డబ్బా రేకు మీద చెయ్యి ఆనించి ఉన్నాడు. కాలింది. తీసేశాడు.

“చెప్తున్న మేడమ్.”

“మీరున్నారంటే నాకు టెన్షన్ ఉండదు,” అని ఆ పిల్ల ఫోను పెట్టేసింది.

జకర్యా వెనక్కి తిరిగాడు. షాహీదా ముందునుంచే మెట్లెక్కాలి. ఆమె దారం కొరుకుతూ తల వంచుకుని ఉంది. చూడలేదనుకుని గబగబా ఎక్కాడు.

బాలమ్మకు డెబ్బై రెండో, డెబ్బై నాలుగో. పిడికెడు మనిషి. రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారాలు ఊడ్చే పని చేసి మానుకుంది. భర్త ఒకరోజు బండెక్కి పోయాడు, ఏ బండో కూడా ఆమెకు తెలుసు, ఆ ప్లాట్‌ఫారం ఆమే ఊడ్చింది. తిరిగి రాలేదు. ఆ సంగతి నవ్వుతూ చెప్తుంది. నేరేడ్‌మెట్‌లో చెల్లెలి కూతురు ఒకతి ఉంది, నెలకొకసారి వచ్చి బియ్యం, మందులు ఇచ్చిపోతుంది. మేడ మీద ఆ గదిలో మంచం, గ్యాసు పొయ్యి, ఒక టేబుల్ ఫ్యాను. తలుపు లోపలివైపు, బాలమ్మ పొట్టిది కాబట్టి బాగా కిందికి, జకర్యా రాత.

ఆమెకు చదువు రాదు. అయినా అది ఆమెకు తలుపు మీద పటంలాంటిది. జకర్యా ఎప్పుడొచ్చినా పాఠం అప్పజెప్పందే కూర్చోనియ్యదు.

“ఆగు సారూ, లోపలికి రాకు.” మంచం మీంచి దిగి, తలుపు దగ్గరకొచ్చి, అక్షరాల మీద చూపుడువేలు పెట్టింది. “పన్నెండు కొట్టంగనే కిటికీ మూయాలె. నాలుగు దాటినంకనే మల్ల తెరవాలె.” మాట అయిపోయేసరికి వేలు ఇంకా మొదటి వరుస మధ్యలోనే ఉంది. “తప్పు పోయిందా?”

“పోలేదవ్వా.”

“గీ నెలల ఒక్కనాడు సుత మర్వలే. షాహీదా నవ్వుతది. నవ్వనియ్. సైన్సు దానికేం ఎర్క?”

పదకొండు కూడా కాలేదు, గది అప్పుడే పెనం మీద మూత పెట్టినట్టుంది. ఫ్యాను వేడిగాలిని ఒక మూల నుంచి ఇంకో మూలకు తోస్తోంది. బాలమ్మ ముఖం ఎర్రగా, పొడిగా ఉంది. జకర్యా ఆ పొడితనం చూశాడు.

“తల గిట్ల తిరుగుతుందా అవ్వా?”

“తిరుగుతది. ముసలిదాన్నైన. తిరగకపోతే పరేషాన్ కావాలె.”

ఆయన కిటికీ దగ్గరికి పోయి రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

“ఇగ మూయకు. పన్నెండైనా మూయొద్దు. పన్నెండుకు కింద షాహీదా గడపల కూసో. నాలుగింటికి పైకి రా. సరేనా?”

బాలమ్మ ఆయన వంక చూసింది. “గదేంది? నిన్నటిదాక మూయమన్నవు.”

ఇప్పుడు చెప్పాలి. అవ్వా, నేను తప్పు రాసిన, నీ గదికి అది పనికిరాదు. ఎంత మాట? ఒక్క వాక్యం. ఆయన జీవితమంతా ఒక్క వాక్యాలు చెప్పి బతికాడు. కానీ ఆమె వేలు ఇంకా ఆ నీలం అక్షరాల మీదే ఉంది. ఈ లోకంలో ఆయన్ను సారూ అని నవ్వకుండా అనే మనిషి ఆమె ఒక్కతే. జకర్యా చూపు కిటికీ చువ్వల మీదికి తిప్పుకున్నాడు.

“పైనోళ్లు మార్చిండ్రు,” అన్నాడు.

“పైనోళ్లెవరు?”

“ఆఫీసోళ్లు. కొత్త రూల్ వచ్చింది.”

“నీ నౌకరికి ఏమన్న తక్లీఫ్ అయ్యిందా?”

“అట్లేం లేదవ్వా.”

“మరి మొకం గట్ల పెట్టినవేంది, దెబ్బలు తిన్నోని లెక్క?”

ఆయన జేబురుమాలు ఉమ్మితో తడిపి తలుపు మీద రాత తుడవబోయాడు. బాలమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. వేళ్లు ఎండుపుల్లల్లా ఉన్నా పట్టు గట్టిది.

“ఏయ్. నాకు చదువొచ్చిందే గీ రెండు గీతల్ల. తుడుస్తవా?”

“సరే, ఉండనియ్. కిటికీ మాత్రం తెరిచే పెట్టు. కిందికి పో. పోతవు గదా?”

“పోత తియ్, నువ్వు జెర నీళ్లు తాగి పో.”

తాగాడు. ఆమెతో తిరిగి చెప్పించలేదు. చెప్పిస్తే ఎందుకని అడుగుతుంది. మెట్లు దిగుతూ మూడో మెట్టు మీద ఆగాడు. వెనక్కి పోయి చెప్దామనుకున్నాడు. కింద షాహీదా మిషను టకటకమంటోంది. దిగిపోయాడు.

ఆ రోజు పన్నెండు నుంచి మూడున్నర దాకా జకర్యా రేకుల గదులు వెతుక్కుంటూ తిరిగాడు. ఆ వేళ బయట తిరగొద్దని పదేళ్లుగా చెప్తున్నది ఆయనే. తలకు తువాలు చుట్టుకుని, గోడల పక్కన అరచేయి వెడల్పు నీడలో ఒరిగి నడిచాడు. ప్రతి తలుపు దగ్గరా అదే చెప్పాడు. ఆఫీసోళ్లు మార్చిండ్రమ్మా, కిటికీ తెరవుండ్రి, కింద నీడకు పోయి కూసోండ్రి. మొదట రెండుసార్లు మాట తడబడింది. ఆ తర్వాత మాట సాఫీగా వచ్చింది. సాఫీగా రావడం చూసి ఆయనకే భయం వేసింది. కొందరు విన్నారు. కొందరు సరే సరే అని తలుపేసుకున్నారు. తలుపు లోపలివైపు తన చేతిరాత ఒక్కోచోట ఒక్కోలా పలకరించింది. ఒక ఇంట్లో పిల్లలు దాని చుట్టూ పూలు గీశారు.

మూడున్నరకు, రైలు పట్టాల వైపు ఉన్న గల్లీలో, జిలానీ తలుపు కొట్టాడు. జిలానీ ఒక గోడౌనుకు రాత్రి వాచ్‌మన్. పగలంతా రేకుల గదిలో నిద్రపోతాడు. రెండు నిమిషాలకు తలుపు తెరిచాడు, ఒళ్లంతా చెమట, కళ్లు చింతనిప్పులు.

“ఏంది సారూ, ఇప్పుడే నిద్ర పట్టింది.”

“కిటికీ తెరవాలె జిలానీ. ఆఫీసోళ్లు మార్చి...”

“మార్చిండ్రా? పోయిన నెల మూయమని నువ్వే చెవుల ఇల్లు కట్టుకొని చెప్పితివి. మూసుకొని ఉడికిపోతున్న. ఇయాల తెరవమంటవు. రేపేం చెప్తరు, రేకు పీకెయ్యమంటరా? ఎవని మాట వినాలె మేము?”

ఎండ జకర్యా మెడ మీద పడుతోంది. ఏమైందో, అలసటో, ఆ మనిషి కోపమో, నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఆఫీసోళ్లు కాదు. నేనే తప్పు రాసిన. రేకుల రూములు మూయొద్దని వాళ్లు ముందే చెప్పిండ్రు. నేనే తీసేసిన.”

జిలానీ కళ్లు నులుముకుని ఆయన్ను ఎగాదిగా చూశాడు. తిడతాడనుకుని జకర్యా తల దించుకున్నాడు.

“గంతేనా?” అన్నాడు జిలానీ. “గా మాట చెప్తే అయిపోతుండె గదా.” లోపలికి పోయి కిటికీ తెరిచాడు, చాప చంకన పెట్టుకుని బయటికొచ్చాడు. “మసీదు వరండాల పండుకుంట. నువ్వు సుత జెర నీడకు నడువ్, పడిపోయేటట్టున్నవు.”

అంతే. ఆకాశం విరిగి మీద పడలేదు. అంత తేలికైన మాటను పొద్దుటినుంచి గొంతులో పెట్టుకుని తిరిగాడు. జకర్యాకు ఏడుపులాంటి నవ్వొచ్చింది. సంచీలో సీసా కిందామీదా అవుతుండగా చిలకలగూడ వైపు పరుగులాంటి నడకతో నడిచాడు. దారి పొడుగునా నోట్లో ఆ మాటే. అవ్వా, నాదే తప్పు. మూడుసార్లు తిరిగి చెప్పిస్త. రేపొచ్చి తలుపు మీద సక్కగ రాస్త, నీ వేలు ఎక్కడ పెట్టాలో చూపిస్త.

గడపలో కుట్టుమిషను ఉంది, షాహీదా లేదు. మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఆయన్ను చూసి పక్కకు జరిగారు.

పైన గది తలుపు గడియ ఊడి వేలాడుతోంది, ఎవరో భుజంతో తోసినట్టున్నారు. షాహీదా గుమ్మంలో చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

“సల్లటి ఖర్బూజ ముక్కలు ఇద్దామని వచ్చిన భాయ్. పిలిచిన, పలకలే. మా ఆయన తోసిండు. ఇంట్ల పురాగ భట్టీ లెక్క ఉండె.”

బాలమ్మ కిటికీ కింద గోడకు చేరగిలపడి కూర్చుని ఉంది. తల కొద్దిగా పక్కకు వాలింది. కునుకు తీస్తున్నట్టే ఉంది. కళ్ల మీద ఎవరో చెయ్యి వేసి మూశారు. వీధి చివరి డాక్టరొచ్చి చూసి వెళ్లాడట, ప్రాణం పోయి రెండు గంటలు దాటిందన్నాడట.

“కిందికి పొమ్మని చెప్పిన గదా,” అన్నాడు జకర్యా. “కిటికీ తెరిచిన. నేనే తెరిచిన.”

“వచ్చింది భాయ్, పన్నెండుకు వచ్చింది. కూసోమన్న. కూసోలే. పాత గుడ్డ ముక్కలుంటే ఇయ్యమంది, ఇచ్చిన. ఎందుకే అంటే, మా సారును ఆఫీసోళ్లు మస్తు పరేషాన్ చేస్తున్రు, పాపం కండ్లల్ల చూడకుంట మాట్లాడి పోయిండు అంది. రేపు ఎవరన్న చెకింగుకొస్తే నా రూముల సారు మాట పక్కాగ ఉండాలె, ఆయన చెప్పింది తప్పు కాదని నేను చూపిస్త అంది. నేను నవ్విన.” షాహీదా మళ్లీ చున్నీ నోటికి పెట్టుకుంది. “నవ్విన భాయ్.”

“నాది తప్పు షాహీదమ్మా. రెండో మాట నేనే తీసేసిన. నీకు పొద్దుగాలనే ఎర్కయింది. నాకు ముందునుంచే ఎర్క.”

“నువ్వేం చేస్తవు భాయ్. ఎండలే గట్లున్నయ్.”

“ఎండలు కాదు. నేను.”

“వయసు సుత అయ్యింది గదా సారూ,” అంది వెనక నుంచి ఇంకొకామె. “మనసుల పెట్టుకోకు.”

ఆయన ఒప్పుకున్న తప్పును ఎవ్వరూ తీసుకోలేదు. ఎవరి చేతిలో పెట్టినా అది ఆయన చేతికే తిరిగి వచ్చింది. జకర్యా మేడ మీది పిట్టగోడ దగ్గరికి పోయి సుకన్యకు ఫోను చేసి, అబద్ధం చెప్పానని, రెండో వాక్యం ఏ రేకుల గదిలోనూ రాయలేదని, ఒక ముసలమ్మ పోయిందని చెప్పాడు. ఆ పిల్ల ఓదార్చలేదు.

“ఎన్ని తలుపులు అంకుల్?” అని అడిగింది.

“నలభై ఒకటి.”

“ఎవరెవరివో చెప్పండి. రాసుకుంటాను.”

గుర్తున్న వరుసలో ఒక్కొక్క పేరూ చెప్పాడు. మొదటి పేరు బాలమ్మది. అదీ చెప్పాడు.

మళ్లీ గదిలోకి వచ్చేసరికి నేరేడ్‌మెట్‌కు కబురు వెళ్లింది, కింద మగవాళ్లు చాప కోసం కేకలేస్తున్నారు. బాలమ్మను పక్కకు పడుకోబెట్టారు. మళ్లీ మూసిన కిటికీ రెక్కల సందులు కూడా కనబడకుండా, షాహీదా ఇచ్చిన గుడ్డ ముక్కలు పొర మీద పొర వేసి దగ్గరదగ్గరగా కుట్టిన మందపాటి పరదా ఒకటి మేకులకు వేలాడుతోంది. మూడు మూలలు బిగించి ఉన్నాయి. నాలుగో మూల మాత్రం వదులుగా ముడుచుకుంది, అక్కడ ఎర్రదారం ఎక్కించిన సూది గుడ్డలోకి సగం దిగి అట్లాగే ఉంది.